మిషన్ రంపం గొలుసుకు ఆకురాయి పట్టడం



కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల్లోనూ, అటు హోసూరు, కృష్ణగిరి వైపునా తెలుగు మాట్లాడుకునే మన పల్లెల్లో ఇప్పుడు గొడ్డలి చప్పుడు బాగా తగ్గిపోయింది. నీలగిరి తోపు కొట్టాలన్నా, ముసలి మామిడికి కొమ్మలు తీయాలన్నా, గాలికి దారిలో పడిన చింతచెట్టును ముక్కలు చేయాలన్నా మిషన్ రంపమే. కొందరు చైన్ మిషన్ అంటారు, కన్నడం ఎక్కువ కలిసిన ఊళ్ళలో గరగస మిషన్ అంటారు. 1980లలో సామాజిక అడవుల పథకం నడిచిన రోజుల్లో మన మెట్ట భూముల్లో నీలగిరి విస్తారంగా నాటారు. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఉన్న తోపులను కొట్టేసి వేరే పంటలకు మళ్ళే రైతులకు, వారి దగ్గర కూలికి కొట్టేవారికి ఈ మిషన్‌తో పని పెరిగింది. ఏ చెట్టు కొట్టడానికి అనుమతి కావాలో, దేనికి అక్కరలేదో మీ దగ్గరి అటవీ శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. అది వేరే సంగతి. ఈవేళ నేను మాట్లాడబోయేది ఇంజను గురించి కూడా కాదు. ఆ బార్ చుట్టూ తిరిగే గొలుసు గురించి, దానికి పదును పెట్టడం గురించి.

చెట్టును కోసేది ఇంజను అని చాలామంది అనుకుంటారు. ఇంజను గొలుసును తిప్పుతుంది, అంతే. కోసేది గొలుసు మీది పళ్ళు. పూర్తి వేగంలో ఆ గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెడుతుంది. లెక్క వేస్తే గంటకు 70 కిలోమీటర్ల పైమాటే. తారు రోడ్డు మీద బస్సు వేగం. అంత వేగంతో పోయే పన్ను పదునుగా ఉంటే చెక్కలోకి తనంతట తానే దిగుతుంది. మొండిదైతే దిగదు. దిగనప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఒంటి బరువంతా వేసి నొక్కుతాడు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. గంటసేపు నొక్కితే చేతులు తిమ్మిరెక్కుతాయి, కాళ్ళకు నిలకడ తప్పుతుంది, కొమ్మ తెగిన క్షణంలో ఆ నొక్కుడంతా మనిషిని ముందుకు తూలనిస్తుంది. తిరుగుతున్న రంపం చేతిలోనే ఉంటుంది. పదును ఎక్కువైతే చెయ్యి తెగుతుంది, కాస్త మొండిగా ఉంటేనే మేలు అనేవాళ్ళను నేను చూశాను. కత్తిపీట సంగతి ఇంట్లో ఆడవాళ్ళనడగండి. వేలు కోసేది ఎప్పుడూ మొండి కత్తిపీటే అని చెబుతారు.

గొలుసు మొండిబారిందని ఎలా తెలుస్తుంది? పొట్టు చూడండి. పదునుగా ఉన్న గొలుసు నుంచి అటుకుల్లాంటి ముక్కలు రాలతాయి. మొండి గొలుసు నుంచి రాగిపిండిలాంటి మెత్తటి పొడి వస్తుంది. నూనె సరిగా పడుతున్నా కోత దగ్గర పొగ లేస్తోందంటే అదీ మొండితనమే. ఇంకొక గుర్తు ఉంది. నిట్టనిలువుగా దిగవలసిన కోత ఒక పక్కకు ఒరిగిపోతూ ఉంటుంది. అప్పుడు ఒకవైపు పళ్ళు రెండోవైపు పళ్ళకంటే పొట్టిగానో, మొండిగానో ఉన్నాయన్నమాట. మేకు తగిలిన గొలుసుకు ఇలా తరచుగా అవుతుంది.

ఈ గొలుసును ఇప్పుడున్న రూపానికి తెచ్చిన కథ ఒకటుంది. మేము బడిలో పిల్లలకు చెప్పదగ్గ కథ. జర్మనీకి చెందిన ఆంద్రియాస్ స్టిల్ 1926లో కరెంటుతో నడిచే మిషన్ రంపాన్ని, 1929లో పెట్రోలుతో నడిచేదాన్ని తయారుచేశాడు. మిషన్ వచ్చింది గాని, ఆ కాలపు గొలుసుల పళ్ళు మన చేతి రంపం పళ్ళలాగే ఉండేవి. చెక్కను గీకేవి. వాటికి పదును పెట్టడానికే రోజులో చాలా సమయం పోయేది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన చెట్లు కొట్టే పనిలో ఉండేవాడు. 1946లో ఒక మొద్దులో చెక్క తొలిచే పురుగు ఒకటి ఆయన కంటపడింది. మన మామిడి కాండంలో దూరే పురుగు లాంటిదే అనుకోండి. చెక్క నారకు అడ్డంగానూ, వెంబడిగానూ, ఎటు కావాలంటే అటు అది తొలుచుకుంటూ పోతోంది. దాని దవడలు రెండు కొడవళ్ళలాగా, ఒకటి ఎడమవైపు, ఒకటి కుడివైపు పనిచేస్తున్నాయి. ఆ దవడల రూపంలోనే ఆయన ఉక్కుతో పళ్ళు చేసి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిరిగి ఉండేలా గొలుసు కూర్చాడు. ఇవాళ మీ మిషన్ మీద ఉన్న గొలుసు దాని వంశమే. తోటకు శత్రువైన పురుగు దగ్గర మనిషి నేర్చుకున్న విద్య అది.

ఇప్పుడు మీ గొలుసును ఒకసారి మనసులో దగ్గరగా చూడండి. ఒక్కొక్క కోసే ముక్కలో రెండు భాగాలున్నాయి. వెనుకగా, కొడవలి వంకరలో ఉన్నది పన్ను. దాని ముందు చిన్న గూనిలాగా లేచి ఉన్నది ఇంకొకటి. ఇంగ్లీషులో దాన్ని డెప్త్ గేజ్ అంటారు, మెకానిక్కులు రేకర్ అంటారు. మన మాటల్లో హద్దు బొడిపె అందాం. అది కోయదు. పన్ను ఎంత లోతు కొరకాలో హద్దు పెడుతుంది. బొడిపె పన్నుకంటే కొంచెం కిందికి ఉంటుంది. ఆ కొంచెమే పన్ను ఒక్కసారికి చెక్కలోంచి తీసే పొర మందం.

దుక్కి దున్నిన వారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కర్రు మరీ పైపైన పోతే నేల గీసుకుంటుంది గాని దున్నదు. మరీ లోతుకు దిగితే నాగలి పట్టుకుపోతుంది, ఎద్దులు ఉలిక్కిపడతాయి, మేడి చేతిలోంచి ఎగురుతుంది. గొలుసులో కర్రు పన్ను, దాని లోతును అదుపులో పెట్టేది బొడిపె. తేడా ఏమిటంటే ఇక్కడ మీ చేతిలో ఎగిరేది నాగలి మేడి కాదు.

చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఇంకొకటి చెప్పాలి. పన్ను పైభాగం వెనక్కు వాలి ఉంటుంది. ఆకురాయి పట్టిన కొద్దీ పన్ను పొట్టిదవడమే కాదు, దాని ఎత్తు కూడా తగ్గుతుంది. బొడిపె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అలా పదును పెడుతూ పోతే చివరికి పన్నూ బొడిపే దాదాపు సమానమవుతాయి. అప్పుడు పన్ను మంగలి కత్తిలా ఉన్నా చెక్కను కొరకదు, జారిపోతుంది. 'నిన్ననే పదును పెట్టాను, ఇవాళ కోయడం లేదు, గొలుసు నకిలీది' అని దుకాణం వాడితో పోట్లాటకు పోయేది ఇక్కడే. బొడిపెను కొద్దిగా, కొలత ప్రకారం తగ్గించాలి. కొలత లేకుండా తగ్గిస్తే ఏమవుతుందో మా ఊళ్ళో చూశాం.

మా పదో తరగతిలో చదివే ఒక పిల్లవాడి తండ్రి కూలికి చెట్లు కొట్టేవాడు. సొంత మిషన్. 2021లో, మామిడి కోతలు అయిపోయి కొమ్మలు తీసే రోజులు. గొలుసు పట్టడం లేదని పట్నంలో ఒక దుకాణానికి తీసుకుపోతే, అక్కడ గ్రైండరు పెట్టి బొడిపెలన్నీ దాదాపు అడుగంటా అరగదీసి ఇచ్చారు. మొదటిరోజు రంపం రాక్షసిలా కోసిందట. పెద్ద పెద్ద ముక్కలు, మధ్యమధ్య కుదుపులు. పని తొందరగా అవుతోందని అందరికీ సంతోషం. రెండోరోజు చెట్టు మీద ఒక కొమ్మను కోస్తుండగా బార్ కొన వెనుకనున్న ఇంకో కొమ్మకు తగిలింది. కన్ను మూసి తెరిచేలోగా మిషన్ పైకి, వెనక్కు ఎగిరి ఆయన ఎడమ భుజం మీద పడింది. ప్రాణం దక్కింది. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు.

కొన్నాళ్ళ తర్వాత ఆ పిల్లవాడు ఒక చిన్న పుస్తకం తెచ్చి, 'సార్, మిషన్ పెట్టెలో వచ్చింది సార్, ఏం రాసినారో చదివి చెప్పండి' అన్నాడు. అటక మీద రెండేళ్ళుగా పడున్న పుస్తకం, అంతా ఇంగ్లీషు. మన సరిహద్దు ఊళ్ళ సంగతి మీకు తెలుసు కదా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, మిషన్‌తో వచ్చే కాగితం మాత్రం ఇంగ్లీషు. వాళ్ళింటి అరుగు మీద కూర్చుని పుస్తకం మొత్తం చదివి తెలుగులో చెప్పాను. బొడిపెను గేజ్ కొలతకంటే తగ్గించరాదనీ, తగ్గిస్తే రంపం వెనక్కు తన్నే ప్రమాదం పెరుగుతుందనీ అందులో పెద్ద అక్షరాల్లో ఉంది. మంచం మీదున్న ఆ తండ్రి అంతా విని, 'ఇదంతా ముందే దాంట్లో రాసుందా మేష్ట్రూ?' అని ఒక్కమాట అడిగాడు. ఉందన్నాను. ఆ తర్వాత ఆ కుర్రవాడితో కలిసి గొలుసుకు పదును పెట్టడం నేనూ నేర్చుకున్నాను. ఇవాళ నేను చెప్పేది ఆ అరుగు మీద మొదలైన చదువే.

వెనక్కు తన్నడం అన్నాను కదా, అది ఎలా జరుగుతుందో ఒక్క నిమిషం చెబుతాను. బార్ కొన గుండ్రంగా ఉంటుంది. గొలుసు పైనుంచి ముందుకు పోయి, ఆ కొన దగ్గర కిందికి మళ్ళుతుంది. ఆ గుండ్రంలో పై సగానికి ఏదైనా గట్టిది తగిలితే పళ్ళు కోయలేక పట్టుకుంటాయి. గొలుసు బలమంతా తిరగబడి బార్‌ను పైకి, మీవైపుకు తోస్తుంది. బొడిపెలు తక్కువగా ఉంటే పన్ను ఎక్కువ లోతు పట్టుకుంటుంది, తన్నూ గట్టిగా ఉంటుంది. మొండి పన్నుతోనూ ఈ ప్రమాదం ఉంది. అందుకే పదును పెట్టడమంటే పని తొందరగా కావడానికి చేసేది మాత్రమే కాదు.

ఇక చేతి పనికి వద్దాం. ముందుగా ఇంజను ఆపండి. ఆపడమంటే స్విచ్చి కట్టడం ఒక్కటే కాదు, స్పార్క్ ప్లగ్ మీది టోపీ కూడా పీకి పక్కన పెట్టండి. చల్లారనివ్వండి. చేతులకు తోలు తొడుగులు వేసుకోండి. ఆగివున్న గొలుసు కూడా కోస్తుంది. ఆకురాయి జారితే వేళ్ళు నేరుగా పక్క పన్ను మీదికే పోతాయి. కళ్ళద్దాలు పెట్టుకుంటే ఇనుపరజను కళ్ళలో పడదు. బార్‌ను వైస్‌లో బిగించండి. వైస్ లేకపోతే ఒక మొద్దుకు రంపంతో నిలువుగా గాటు పెట్టి, బార్‌ను అందులోకి దింపి, పక్కన చెక్క ముక్క కొట్టి కదలకుండా చేయండి. ఒళ్ళో పెట్టుకుని పదును పెట్టేవాళ్ళను చూస్తుంటాను. మిషన్ కదిలితే కోణం కదులుతుంది, కోణం కదిలితే పన్ను పాడు. ఇక తొడల సంగతి వేరే చెప్పాలా.

దీనికి వాడేది గుండ్రటి ఆకురాయి. కన్నడంలో అర, తమిళంలో అరం. అరగదీయడం అనే మన మాటలోనూ ఆ చప్పుడే వినిపిస్తుంది. ఎంత లావు ఆకురాయి అన్నది గొలుసును బట్టి ఉంటుంది. గొలుసు మీద వరసగా ఉన్న మూడు రివెట్లు తీసుకుని, మొదటిదాని నడుమ నుంచి మూడోదాని నడుమకు కొలవండి. అందులో సగం ఆ గొలుసు పిచ్. ఇప్పుడు పట్నాల్లో దొరికే 58 సీసీ మిషన్లలో చాలావాటికి పాయింట్ 325 అంగుళాల గొలుసు ఉంటుంది. మూడు రివెట్ల దూరం పదహారున్నర మిల్లీమీటర్లు వస్తుంది. దానికి 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి సరిపోతుంది. చిన్న మిషన్లకు వచ్చే ఎత్తు తక్కువ 3/8 గొలుసుకు 4 మిల్లీమీటర్లది. పెద్ద మిషన్ల 3/8 గొలుసుకు కంపెనీని బట్టి 5.2 గాని 5.5 గాని వాడతారు. పుస్తకంలోనో, గొలుసు డబ్బా మీదో రాసి ఉంటుంది. లావు ఆకురాయి వాడితే పన్ను కింద పదును రాదు, సన్నది వాడితే పన్ను కింద గుంట పడి మొన బలహీనమవుతుంది.

ఆకురాయికి పిడి తప్పకుండా ఉండాలి. పిడి లేని ఆకురాయి తోక అరచేతిలో దిగిన సందర్భాలున్నాయి. కొనకపోయినా ఫరవాలేదు, ఎండిన మొక్కజొన్న బెండును తోకకు గుచ్చితే చక్కటి పిడి.

తర్వాత కోణం. చాలా గొలుసుల పళ్ళ మీద 30 డిగ్రీల గీత సన్నగా చెక్కి ఉంటుంది. అరిగాక కనిపించదు. దానికి మీ ఇంట్లో పిల్లల జామెట్రీ పెట్టె చాలు. అందులో రెండు మూలమట్టాలుంటాయి, వాటిలో పొడుగైన దాని సన్నటి మూల సరిగ్గా 30 డిగ్రీలు. ఒక అట్టముక్క మీద బార్‌కు అడ్డంగా ఒక గీత గీసి, దాని నుంచి 30 డిగ్రీల వాలుగా ఇంకొక గీత ఇటు, ఒకటి అటు గీయండి. అట్టను బార్ కింద పెట్టి, ఆకురాయి ఆ వాలు గీతకు సమాంతరంగా పోతోందా అని చూసుకుంటూ ఉంటే చెయ్యి రెండు రోజుల్లో అలవాటు పడుతుంది. మా బడి పిల్లలు లెక్కల పీరియడ్‌లో 'ఈ కోణాలు ఎందుకు సార్' అని అడిగినప్పుడు నేను ఇప్పుడు ఈ సమాధానమే చెబుతున్నాను. కోణం పట్టే చట్రాలు కూడా కొనుక్కోవచ్చు. అవి ఆకురాయిని సరైన ఎత్తులోనూ పట్టి ఉంచుతాయి గనక కొత్తవారికి నేను వాటినే కొనమంటాను.

ఎత్తు అంటే ఏమిటంటే, ఆకురాయిని పంటి వంకరలో పెట్టినప్పుడు దాని లావులో అయిదో వంతు పన్ను పైఅంచు కంటే పైకి కనబడాలి. మిగతా నాలుగు వంతులు కింద. అలా పెట్టి, పంటి లోపలివైపు నుంచి బయటికి తోయండి. తోసేటప్పుడే ఆకురాయి కోస్తుంది. వెనక్కు తెచ్చేటప్పుడు ఎత్తి తీసుకురండి. అటూ ఇటూ రుద్దితే ఆకురాయే అరిగిపోతుంది. గట్టిగా నొక్కనక్కరలేదు. మధ్యమధ్య కొంచెం తిప్పుతూ ఉంటే అన్నివైపులా సమానంగా అరుగుతుంది. ఒకవైపు తిరిగిన పళ్ళన్నీ ఒక పక్క నిలబడి పూర్తిచేయండి, తర్వాత అటుపక్కకు వెళ్ళి మిగతావి. ఎక్కడ మొదలుపెట్టారో గుర్తుకు ఆ పన్ను మీద స్కెచ్ పెన్నుతోనో, సున్నంతోనో చుక్క పెట్టండి. 18 అంగుళాల బార్ మీద సుమారు 30 నుంచి 36 పళ్ళుంటాయి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పడం ఖాయం. గొలుసును ముందుకు జరపాలంటే చైన్ బ్రేకు వదిలి జరిపి, మళ్ళీ బ్రేకు వేసి పట్టండి.

అన్ని పళ్ళూ ఒకే పొడుగు ఉండాలి. అందుకని అన్నింటికంటే పొట్టి పన్నును వెతికి దాన్ని ముందు పదును చేసి, మిగతావాటిని దాని పొడుగుకు తేవాలి. ఇది కష్టంగానే ఉంటుంది. మంచి పన్నును ఊరికే అరగదీస్తున్నామే అనిపిస్తుంది. కానీ ఒక పొడుగు పన్ను, పక్కన నాలుగు పొట్టి పళ్ళు ఉంటే ఆ పొడుగుదే బరువంతా మోస్తుంది. రంపం దడదడలాడుతుంది.

ఎన్నిసార్లు తోయాలి అని అడుగుతారు. పెట్రోలు ట్యాంకు నింపినప్పుడల్లా ఒకసారి పదును చూసుకునే అలవాటుంటే పంటికి రెండు మూడు తోపులు చాలు, పది నిమిషాల పని. ఇవాళ వద్దు రేపు అని వారం లాగితే పది పదిహేను తోపులు, పైగా చెయ్యి వంకర. ఎకరాకు, టన్నుకు లెక్కన పనిచేసే వారికి ఈ పది నిమిషాలు నష్టంగా కనిపిస్తాయి. మొండి గొలుసుతో గంట పని రెండు గంటలవుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఆ లెక్క వేసుకుంటే కనిపించదు ఆ నష్టం.

గ్రైండరు సంగతి. గ్రైండరు చెడ్డదని నేననను. చట్రంలో బిగించి, కోణం సరిచూసి, మెల్లగా తాకించి తీసేవారు చక్కగా చేస్తారు. చేత్తో గ్రైండరు పట్టుకుని వరసబెట్టి పోయేవారి దగ్గరకు మాత్రం గొలుసు ఇవ్వకండి. వేడికి పన్ను నీలం రంగు తిరిగిందంటే ఆ ఉక్కు గుణం మారిపోయిందన్నమాట. ఆ తర్వాత ఆ మొన నిలవదు. కమ్మరి కొలిమి దగ్గర పెరిగిన పెద్దలు ఆ నీలాన్ని చూసే చెబుతారు.

బొడిపెకు వద్దాం. అయిదారు సార్లు పదును పెట్టాక ఒకసారి చూస్తే చాలు. దీనికి చిన్న ఇనుప గేజ్ దొరుకుతుంది, ఖరీదు పెద్దది కాదు. దాన్ని గొలుసు మీద పెడితే, దాని గాడిలోంచి బొడిపె పైకి వస్తే ఆ వచ్చినంత మేరే బల్లపరుపు ఆకురాయితో తీయాలి. పైకి రాకపోతే తాకవద్దు. చాలా గొలుసులకు పన్నుకూ బొడిపెకూ ఉండవలసిన తేడా 0.65 మిల్లీమీటరు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పాతిక. కంటితో కొలవగల మందం కాదది. అనుభవం ఉంది, చూపు చాలు అనేవారి మాట ఈ ఒక్కచోట వినకండి. తగ్గించాక బొడిపె ముందు అంచును కొంచెం గుండ్రంగా చేయండి. చతురంగా వదిలితే అది చెక్కను గుద్దుకుంటుంది. ఎక్కువ తగ్గిపోయిన బొడిపెను మళ్ళీ పెంచలేం. పళ్ళను అరగదీసి దాని ఎత్తుకు దింపాలి, లేదా ఆ గొలుసును తీసేయాలి. మధ్యేమార్గం లేదు.

గొలుసు బిగువు గురించి. చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బార్ నట్లు కొద్దిగా వదులు చేసి, బార్ కొనను పైకెత్తి పట్టుకుని బిగువు స్క్రూ తిప్పండి. గొలుసు బార్ అడుగున అంటుకుని ఉండాలి, తొడుగు వేసుకున్న చేత్తో లాగితే సులువుగా తిరగాలి. పైకి లాగినప్పుడు గొలుసు కింది నాలుకలు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. తర్వాత కొనను అలాగే ఎత్తి ఉంచి నట్లు బిగించండి. పనిలో వేడెక్కి గొలుసు సాగుతుంది. అప్పుడు బిగిస్తే, పని అయిపోయాక తప్పకుండా వదులు చేయాలి. చేయకపోతే చల్లారి కుంచించుకుని బార్‌ను, ఇంజను ఇరుసును పట్టి లాగుతుంది. కొత్త గొలుసును ముందు కాసేపు నూనెలో నానబెట్టి, కొద్ది నిమిషాలు మెల్లగా తిప్పి, చల్లారాక మళ్ళీ బిగువు చూడండి. మొదటి రోజు అది ఎక్కువ సాగుతుంది.

నూనె విషయంలో మనవాళ్ళ పొదుపు నాకు నచ్చదు. ట్రాక్టరు నుంచి దింపిన నల్లటి కాలిన ఆయిలే చాలామంది పోస్తారు. అందులో లోహపు రజను ఉంటుంది, జిగురు ఉండదు. పంపు పాడవుతుంది, బార్ అరుగుతుంది. అది మీ చర్మం మీదా, పొలం మట్టిలోనూ పడుతుంది. కాలిన ఆయిల్ చర్మానికి మంచిది కాదని, ఏళ్ళ తరబడి తగిలితే కాన్సరుకు దారితీయవచ్చని వైద్యులు చెబుతారు. గొలుసు నూనె దొరకని రోజున కొత్త ఇంజన్ ఆయిల్ వాడినా మేలే. పెట్రోలు పోసినప్పుడల్లా నూనె కూడా నింపండి. నూనె పడుతోందా అన్నది చూడాలంటే బార్ కొనను ఒక తెల్లటి చెక్క మీదికి, తగలకుండా కాస్త ఎడంగా పట్టి వేగం పెంచండి. చెక్క మీద సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే బార్ మీది నూనె రంధ్రం మూసుకుందేమో చూడండి. నీలగిరి పొట్టు, నూనె కలిసి అక్కడ మైనంలా గడ్డకడుతుంది. బార్ గాడిని సన్నటి రేకుతో గీకి శుభ్రం చేసి, ప్రతిసారీ బార్‌ను తలకిందులు చేసి బిగిస్తే రెండంచులూ సమానంగా అరుగుతాయి. గొలుసును తిప్పే పళ్ళ చక్రం కూడా అరుగుతుంది. రెండు గొలుసులు అరిగేసరికి దాన్ని మార్చడం మంచిది. అరిగిన చక్రం మీద కొత్త గొలుసు వేస్తే కొత్తదీ తొందరగా పోతుంది.

ఇంత చేసిన పదును ఒక్క క్షణంలో పోయే మార్గాలు కూడా ఉన్నాయి. అన్నింటికంటే పెద్దది మన్ను. నేల మీద పడిన దుంగను అడుగంటా కోసి, గొలుసు మట్టికి తగిలిందంటే అయిపోయింది. కింద అడ్డుకర్ర పెట్టి ఎత్తండి, లేదా పైనుంచి మూడొంతులు కోసి దుంగను తిప్పి మిగతాది కోయండి. వర్షాలకు మొదట్లో బెరడుకు మట్టి చిమ్మి ఉంటుంది. గొడ్డలితో ఆ బెరడు చెక్కేసి కోయండి. గట్ల మీది చెట్లతో ఇంకో చిక్కు. మన తాతలు కంపతీగకు స్తంభం బదులు చెట్టునే వాడుకున్నారు. ఇరవై ముప్పై ఏళ్ళలో ఆ తీగ కాండంలో కలిసిపోయి బయటికి కనబడదు. బెరడు మీద అడ్డంగా ఉబ్బు, నల్లటి మరక ఉన్నచోట అనుమానించండి. ఊరి నడుమ చెట్లకు ఎన్నికల బోర్డుల మేకులు, ఊయల కొక్కేలు ఉంటాయి. కొబ్బరి మాను మెత్తగా కనిపించినా గొలుసును త్వరగా మొండి చేస్తుంది, దాని నారలో ఇసుక గుణం ఉంది.

మామిడి కొమ్మలు తీసేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. గొలుసు ఎంత బాగున్నా భుజం కంటే ఎత్తులో కోయకండి, ఒంటిచేత్తో పట్టకండి. ముందు పిడిని ఎడమచేత్తో, బొటనవేలు కింద నుంచి చుట్టి పట్టుకోండి. బార్ కొన వెనుక ఏ కొమ్మ ఉందో చూసి మొదలుపెట్టండి. చైన్ బ్రేకు పనిచేస్తోందా అని రోజూ పొద్దున ఒకసారి పరీక్షించండి. అది పాడైతే ఆ రోజు పని లేదన్నమాటే.

పన్ను పైభాగం అరిగి అరిగి సుమారు 4 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు ఆ గొలుసు ఆయువు తీరినట్టే. చాలా కంపెనీలు ఆ హద్దుకు పంటి మీదే గీత పెడతాయి. అది దాటాక పన్ను విరిగి ఎగిరే ప్రమాదం ఉంది. ఒక్క పన్ను విరిగినా, రివెట్ వదులైనా, నాలుకకు పగులు కనబడినా అంతే. అలాంటి గొలుసును పెరట్లోనో, పశువుల పాకలోనో పడేయకండి. పిల్లలు దాన్ని తాడులా గిరగిర తిప్పి ఆడుకోవడం నేను చూశాను. గుడ్డలో చుట్టి పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేయండి. పనికొచ్చే గొలుసునైతే నూనె పట్టించి, బార్‌కు తొడుగు వేసి, మిషన్‌ను పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఆ పెట్టెలో వచ్చిన పుస్తకాన్ని మాత్రం అటక మీద పెట్టకండి. ఇంగ్లీషు రాకపోతే మీ ఊరి బడికి తీసుకెళ్ళండి, అక్కడ ఎవరో ఒకరు చదివి చెబుతారు.